కుండీలోని జెముడు – నిదానం, చికిత్స

పాఠ్యభాగ ఉద్దేశం

కంటికి కనిపించే లక్షణాన్ని బట్టి కారణాన్ని ఊహించడం, ఆ ఊహను పరీక్షించి సరిచూసుకోవడం, ఆ తరవాతనే చికిత్సకు పూనుకోవడం అనే శాస్త్రీయ పద్ధతిని ఇంట్లో పెంచుకొనే ఒక చిన్న మొక్క ఆధారంగా తెలియజెప్పడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'నిదానం' అనే మాటకు తెలుగులో రెండు అర్థాలు ఉన్నాయి. లోకవ్యవహారంలో నిదానం అంటే తొందరపాటు లేకపోవడం. 'నిదానమే ప్రధానం' అనే సామెతలో ఉన్నది ఈ అర్థమే. ఆయుర్వేద పరిభాషలో నిదానం అంటే రోగానికి మూలకారణం, దానిని కనుగొనే విధానం. మాధవకరుని సుప్రసిద్ధ వైద్యగ్రంథానికి 'మాధవనిదానం' అనే పేరు రావడానికి ఈ రెండో అర్థమే ఆధారం. మంచి వైద్యునికి రెండు నిదానాలూ అవసరమే. కారణం తెలుసుకోకుండా మందు ఇచ్చేవాడూ, తెలుసుకొనే ఓపిక లేక మందు ఇచ్చేవాడూ రోగికి చేసే హాని ఒక్కటే. మనుషుల విషయంలో అందరూ అంగీకరించే ఈ సత్యాన్ని మొక్కల విషయంలో మాత్రం మనం సులభంగా మరచిపోతాం. వాడినట్లు కనిపిస్తే చాలు, చెంబుతో నీళ్ళు తెచ్చి పోస్తాం. చాలా మొక్కలు ఆ తొందరపాటును సహిస్తాయి. కుండీలోని జెముడు సహించదు.

మొక్కలకు కూడా రోగాలు వస్తాయనీ, వాటికి చికిత్స ఉంటుందనీ మన పూర్వులు ఏనాడో గుర్తించారు. క్రీస్తుశకం ఆరో శతాబ్దానికి చెందిన వరాహమిహిరుడు తన 'బృహత్సంహిత'లో వృక్షాయుర్వేదానికి ఒక అధ్యాయాన్ని కేటాయించాడు. చలి, గాలి, ఎండ – ఈ మూడింటి వల్ల చెట్లకు రోగాలు కలుగుతాయనీ, ఆకులు పాలిపోవడం, చిగుళ్ళు ఎదగకపోవడం, కొమ్మలు ఎండిపోవడం, రసం కారడం వాటి లక్షణాలనీ ఆయన చెప్పాడు. చికిత్సలో మొట్టమొదటి పని చెడిన భాగాన్ని ఆయుధంతో కోసి శుభ్రం చేయడమేనని, ఆ తరవాతనే వాయువిడంగాలు, నెయ్యి, బురద కలిపిన లేపనం పూయాలని నిర్దేశించాడు. ముందు లక్షణం, తరవాత కారణం, ఆ తరవాత శుద్ధి, చివరకు ఔషధం అనే ఈ క్రమాన్ని గుర్తుపెట్టుకోవాలి. కుళ్ళిన జెముడుకు నేటి ఉద్యానవేత్త చేసే చికిత్స కూడా ఇదే క్రమంలో సాగుతుంది.

జెముడు అంటే ఏది?

తెలుగువారు ముళ్ళతో, కండగల కాండంతో ఉండే మొక్కలన్నింటినీ 'జెముడు' అనే ఒక్క మాటతో వ్యవహరిస్తారు. నాగజెముడు, బొమ్మజెముడు, ఆకుజెముడు మొదలైన పేర్లు మనకు పరిచితమే. అయితే ఇవన్నీ ఒకే కుటుంబానికి చెందినవి కావు. గిల్లితే పాలు కారే బొమ్మజెముడు, ఆకుజెముడు మన నేలలోనే పుట్టినవి. వృక్షశాస్త్రం వీటిని యుఫోర్బియా వర్గంలో చేర్చింది. పలకలు పలకలుగా పెరిగే నాగజెముడు అసలైన కాక్టస్. కాక్టస్ కుటుంబంలో 1,500కు పైగా జాతులు ఉన్నాయి. ఆఫ్రికా, శ్రీలంకలలో కూడా సహజంగా కనిపించే ఒక్క జాతిని మినహాయిస్తే, ఈ కుటుంబమంతా అమెరికా ఖండాలకు చెందినదే. నేడు రాయలసీమ పల్లెల్లో కంచెల వెంట పెరుగుతున్న నాగజెముడు కూడా సముద్రాలు దాటి వచ్చినదే.

ఈ రెండింటినీ వేరుపరచడానికి తేలికైన గుర్తు ఒకటి ఉన్నది. అసలైన కాక్టస్ ముళ్ళు కాండం మీద నేరుగా మొలవవు. నూగుతో కూడిన ఒక చిన్న మెత్త వంటి కుదురు నుంచి గుత్తిగా వెలువడతాయి. ఆ కుదుళ్ళు లేకుండా, గీరితే తెల్లని పాలు వస్తే అది యుఫోర్బియా. ఈ భేదం కేవలం శాస్త్ర చర్చకు సంబంధించినది కాదు. యుఫోర్బియా పాలు చర్మాన్ని మండిస్తాయి; కంట్లో పడితే తీవ్రమైన హాని చేస్తాయి. చికిత్స పేరుతో కత్తి పట్టుకొనే ముందు మన ముందున్నది ఏ మొక్కో తెలుసుకోవాలి. నాగజెముడు కుదుళ్ళలో పెద్ద ముళ్ళతో పాటు వెంట్రుకల వంటి సన్నని ముళ్ళు కూడా ఉంటాయి. అవి చర్మంలో గుచ్చుకుంటే ఒక పట్టాన ఊడిరావు. కాబట్టి ఇటువంటి మొక్కను పట్టుకోవలసి వచ్చినప్పుడు మడిచిన వార్తాపత్రికను పట్టీలా చుట్టి పట్టుకోవడం మంచిది.

ఎడారి మొక్క జీవనరహస్యం

ఆరోగ్యం ఎలా ఉంటుందో తెలియనివారికి అనారోగ్యం అర్థం కాదు. సాధారణమైన మొక్క పగటిపూట తన పత్రరంధ్రాలను తెరచి బొగ్గుపులుసు వాయువును లోనికి తీసుకుంటుంది. ఆ సమయంలో దాని లోపలి నీరు ఆవిరిగా బయటకు పోతుంది. ఎడారిలో ఇది ప్రాణాంతకం. అందువల్ల కాక్టస్ తన రంధ్రాలను పగలు మూసి ఉంచి, చల్లబడిన తరవాత రాత్రివేళ తెరుస్తుంది. అప్పుడు గ్రహించిన వాయువును మాలిక్ ఆమ్లంగా మార్చి నిలవ చేసుకుంటుంది. మరునాటి ఎండలో ఆ నిలవను విడగొట్టి ఆహారం తయారుచేసుకుంటుంది. రాత్రి సేకరణ, పగలు వంట – ఇదీ దాని దినచర్య.

ఈ విషయం వెల్లడైన చరిత్రలో తెలుగునేలతో సంబంధం ఉన్న ఒక వ్యక్తి పాత్ర ఉన్నది. పద్దెనిమిదో శతాబ్దం చివరలో తూర్పు ఇండియా కంపెనీవారి సామర్లకోట వృక్షోద్యానం బాధ్యతలు చూసిన బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు రణపాల ఆకును వేర్వేరు వేళల్లో నమిలి చూశాడు. ఉదయం పుల్లగా ఉన్న ఆకు మధ్యాహ్నానికి రుచి లేకుండా పోయి, సాయంత్రానికి కొంచెం చేదెక్కుతున్నదని ఆయన గమనించాడు. 1815లో లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ ప్రచురణలో ఈ పరిశీలన వెలువడింది. రాత్రి పోగైన ఆమ్లమే ఆ పులుపునకు కారణమని తరవాతి శాస్త్రజ్ఞులు వివరించారు. నాలుకనే పరికరంగా చేసుకొన్న ఆ పరిశీలన నేటికీ మనకు ఆదర్శం. మొక్కను అర్థం చేసుకోవడానికి ముందు కావలసినవి ఖరీదైన సాధనాలు కావు, శ్రద్ధగల ఇంద్రియాలు.

ఈ జీవనవిధానం వల్ల కాక్టస్ నెమ్మదిగా పెరుగుతుంది, నెమ్మదిగా నీరు ఖర్చు చేస్తుంది, తన బాధను కూడా నెమ్మదిగానే వ్యక్తం చేస్తుంది. వేరు చెడిన తరవాత కూడా నిలవ నీటితో కొన్ని వారాలు పచ్చగానే నిలబడుతుంది. మనం గమనించేసరికి రోగం ముదిరి ఉంటుంది. అందుకే తొలి లక్షణాలను చదవడం నేర్చుకోవాలి.

ఒకే లక్షణం – రెండు వ్యతిరేక కారణాలు

జెముడు పెంచేవారిని అన్నింటికంటే ఎక్కువగా మోసగించే లక్షణం ముడుతలు పడటం. కాండం కుంచించుకొని, గాడులు లోతుగా కనిపిస్తాయి. చూడగానే దాహమని తోస్తుంది. నిజంగా దాహమే కావచ్చు. అయితే వేళ్ళు కుళ్ళిపోయిన మొక్క కూడా అచ్చంగా ఇలాగే ముడుతలు పడుతుంది. మట్టిలో నీరు ఉన్నా, తాగడానికి వేరు లేదు కాబట్టి అది కూడా దప్పికతోనే ఎండుతుంది. మొదటి మొక్కకు నీరు అమృతం. రెండో మొక్కకు అదే నీరు విషం. లక్షణం ఒక్కటే, చికిత్సలు పరస్పర విరుద్ధాలు. పొరపాటుకు మూల్యం మొక్క ప్రాణం. నిదానం అవసరం ఎంతటిదో ఇక్కడ స్పష్టమవుతుంది.

ఈ సందేహాన్ని తీర్చుకోవడానికి మూడు పరీక్షలు ఉన్నాయి. మొదటిది మట్టి పరీక్ష. సన్నని వెదురు పుల్లను కుండీ అడుగుదాకా గుచ్చి, కొద్దిసేపు ఉంచి తీయాలి. పుల్ల పొడిగా వస్తే మట్టి ఎండినట్లు. తడి మట్టి అంటుకొని వస్తే లోపల నీరు నిలిచినట్లు. పైమట్టి ఎండినంత మాత్రాన అడుగు ఎండిందని భావించరాదు. రెండోది స్పర్శ పరీక్ష. ఒక మొద్దు పుల్లతో కాండం మొదలును మృదువుగా నొక్కాలి. దాహంగా ఉన్న మొక్క కాండం కొంచెం వంగినా, తోలు వలె గట్టిగానే ఉంటుంది. కుళ్ళిన మొక్క మొదలు పండిన పండు వలె లోపలికి దిగబడుతుంది. ఒక్కొక్కసారి దుర్వాసన కూడా వస్తుంది. మూడోది, సందేహం మిగిలినప్పుడు చేయవలసినది, వేరు పరీక్ష. మొక్కను కుండీ నుంచి వెలికి తీసి మట్టి దులిపి చూడాలి. ఆరోగ్యమైన వేరు తెల్లగానో లేత గోధుమ రంగులోనో ఉండి, లాగినా తెగదు. చెడిన వేరు నల్లబడి, పట్టుకోగానే పైపొర జారి లోపలి దారం మాత్రం మిగులుతుంది.

మూడు పరీక్షలూ దాహమనే తేల్చితే నీరు పోయాలి. అయితే రోజూ కొంచెం కొంచెం చిలకరించడం కాదు. కుండీ అడుగు రంధ్రం నుంచి నీరు కారేదాకా ఒక్కసారి నిండుగా పోసి, మట్టి మళ్ళీ పూర్తిగా ఎండేదాకా ఆగాలి. కొద్ది రోజుల్లో కాండం నిండుకుంటుంది. పదిరోజులు గడిచినా నిండుకోకపోతే మన నిర్ణయాన్ని పునఃపరిశీలించి, వేరును చూడవలసిందే. చికిత్స ఫలితం కూడా ఒక పరీక్షేనని గ్రహించాలి.

కుళ్ళుకు శస్త్రచికిత్స

కుళ్ళు సాధారణంగా వేరులోనో మొదలులోనో ఆరంభమై పైకి పాకుతుంది. నిలిచిన నీటిలో గాలి అందక వేళ్ళు చనిపోతే, వాటి మీద శిలీంధ్రాలు, సూక్ష్మక్రిములు దాడి చేస్తాయి. కుళ్ళు వేళ్ళకే పరిమితమై ఉంటే చెడిన వేళ్ళన్నింటినీ కత్తిరించి, మొక్కను నీడలో వారం రోజులు ఆరబెట్టి, పొడి మట్టిలో నాటాలి. మరో వారందాకా నీరు పోయరాదు.

కాండానికి పాకిన కుళ్ళుకు కత్తి తప్ప మరో మందు లేదు. పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, కుళ్ళుకు పైన ఆరోగ్యంగా కనిపించే చోట అడ్డంగా కోయాలి. కోసిన ముఖాన్ని జాగ్రత్తగా పరిశీలించాలి. మధ్యలో ఒక వలయం కనిపిస్తుంది. అది మొక్కలో నీరు, ఆహారం ప్రయాణించే నాళాల మార్గం. ఆ వలయంలో ఎర్రని లేదా గోధుమ రంగు చుక్క ఒక్కటి కనిపించినా కుళ్ళు ఇంకా పైకి పాకి ఉన్నదని అర్థం. కత్తిని మళ్ళీ తుడిచి, మరో పలుచని చక్రం కోయాలి. ముఖమంతా మచ్చలేకుండా కనిపించేదాకా ఇలా కోస్తూనే పోవాలి. ఇక్కడ జాలి పనికిరాదు. ఒక్క అంగుళం మిగుల్చుకోవాలనే ఆశ మొత్తం మొక్కను పోగొడుతుంది.

శుభ్రమైన కోతకు గంధకం పొడి అద్ది, గాలి ఆడే నీడలో ఆరబెట్టాలి. చిన్న ముక్కకు వారం రోజులు, లావైన కాండానికి రెండు మూడు వారాలు పడుతుంది. కోసిన ముఖం ఎండి గట్టిపడిన తరవాత పొడి ఇసుక మిశ్రమం మీద నిలబెట్టాలి. వేరు రావడానికి కొన్ని వారాలు పట్టవచ్చు. ఆ కాలమంతా దానిని పీకి చూడకుండా ఉండటం, నీరు పోయకుండా ఉండటం పెంచేవారి సహనానికి పరీక్ష. మృదువుగా కదిపినప్పుడు అది మట్టిని పట్టుకొన్నట్లు తెలిస్తే వేరు తొడిగినట్లే. అప్పటినుంచి కొద్దికొద్దిగా నీరు మొదలుపెట్టవచ్చు.

కుళ్ళును చూసి భయపడినట్లే, కొందరు కుళ్ళు కానిదానిని చూసి కూడా భయపడతారు. వయసు పైబడిన కాక్టస్ మొదట్లో చర్మం గోధుమ రంగుకు మారి, చెట్టు బెరడు వలె గట్టిపడుతుంది. ఇది రోగం కాదు, వార్ధక్యం. బరువును మోయడానికి మొక్క చేసుకొనే ఏర్పాటు. కుళ్ళు తడిగా, మెత్తగా ఉండి రోజుల్లో పాకుతుంది. బెరడు పొడిగా, గట్టిగా ఉండి సంవత్సరాల మీద పైకి వస్తుంది. ఈ భేదం తెలియక ఆరోగ్యమైన ముదురు మొక్కను కోసివేయడం కూడా నిదానలోపమే.

ఎండ ఎక్కువైనా, తక్కువైనా

ఎడారి మొక్క కదా, ఎంత ఎండలోనైనా ఉంటుందని చాలామంది నమ్మకం. నర్సరీలో నీడవల కింద పెరిగిన మొక్కను తెచ్చి, ఏప్రిల్ మాసపు డాబా మీద పెడితే రెండు మూడు రోజుల్లోనే ఎండ తగిలే వైపు తెల్లని లేదా పసుపు రంగు మచ్చలు తేలుతాయి. తరవాత అవి గోధుమ రంగుకు మారి గట్టిపడతాయి. మచ్చ ఒక్క వైపునే ఉండటం, అది సూర్యునికి ఎదురుగా ఉండటం దీని ప్రధాన లక్షణం. కాలిన చర్మం తిరిగి పచ్చబడదు. కొత్తగా పెరిగే భాగాన్ని కాపాడుకోవడమే మనం చేయగలిగినది. మొక్కను వెంటనే పలుచని నీడకు మార్చాలి. ఏ మొక్కనైనా ముందు ఉదయపు లేత ఎండకు అలవాటు చేసి, రెండు మూడు వారాల్లో క్రమంగా ఎండ కాలాన్ని పెంచాలి. పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే మన వేసవిలో మధ్యాహ్నవేళ నీడవల తప్పనిసరి. రాత్రులు కూడా చల్లబడని ఆ రోజుల్లో చాలా జాతులు ఎదుగుదల తగ్గించుకుంటాయి. దానిని నీరసమని భావించి ఎరువులు వేయరాదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన స్థితి వెలుతురు చాలకపోవడం. గదిలోని బల్ల మీద, మెట్ల మూలలో ఉంచిన మొక్క వెలుతురు కోసం వెదుకుతూ సన్నగా, పాలిపోయి, పైకి సాగుతుంది. గుండ్రని జాతి కూడా మొన తేలుతుంది. చూసేవారు 'బాగా పెరుగుతున్నది' అని సంతోషిస్తారు. అది పెరుగుదల కాదు, ఆకలితో చేయి చాచడం. అటువంటి మొక్కను క్రమంగా వెలుతురులోకి తేవాలి. సన్నబడిన భాగం తిరిగి లావెక్కదు. మొక్క కోలుకొన్న తరవాత, ఎదిగే కాలంలో ఆ భాగాన్ని కోసి, ఆరబెట్టి నాటుకోవచ్చు.

కడియం పరిసరాల నర్సరీల నుంచి పట్టణాల అంగళ్ళదాకా కనిపించే ఎర్రని, పసుపు పచ్చని బంతి వంటి కాక్టస్‌ల సంగతి వేరు. వాటిలో పత్రహరితం ఉండదు. కాబట్టి అవి స్వయంగా ఆహారం తయారుచేసుకోలేవు. 1940ల్లో జపాన్‌లో వ్యాప్తిలోకి వచ్చిన ఈ రకాన్ని పచ్చని మరో కాక్టస్ మీద అంటుకట్టి బతికిస్తారు. కింది పచ్చని కాండం చేసే వంటతోనే పై బంతి జీవిస్తుంది. ఈ మొక్క నీరసించినప్పుడు రంగుల బంతిని కాదు, కింది కాండాన్ని, రెండింటి అతుకును పరీక్షించాలి. కింది కాండం చనిపోతే పై బంతిని మట్టిలో నాటినా బతకదు. మరో పచ్చని కాండానికి అంటుకట్టడమే మార్గం.

కీటకాల బాధ

కుదుళ్ళ మధ్య, గాడుల లోపల దూది పింజల వంటి తెల్లని పదార్థం కనిపిస్తే అది పిండినల్లి. ఇది రసాన్ని పీల్చి మొక్కను నీరసింపజేస్తుంది. మొక్కను ఇతర మొక్కలకు దూరంగా పెట్టి, దూది చుట్టిన పుల్లను స్పిరిట్‌లో ముంచి ఒక్కొక్క పురుగునూ తాకాలి. ఈ పని సాయంకాలం చేయాలి. గుడ్లు పొదిగి కొత్త పురుగులు వస్తూనే ఉంటాయి కాబట్టి వారానికి ఒకసారి చొప్పున మూడు నాలుగు వారాలు కొనసాగించాలి. పైన ఏమీ కనిపించకపోయినా మొక్క ఎదగకుండా ఉంటే వేళ్ళను చూడాలి. అక్కడ తెల్లని పిండి వంటిది ఉంటే వేళ్ళను కడిగి, ఆరబెట్టి, కొత్త మట్టిలో నాటాలి. చిగురు భాగం తుప్పు పట్టినట్లు కనిపించి, సన్నని బూజు దారాలు ఉంటే ఎర్రనల్లి పట్టినట్లు. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొన్ని చుక్కల సబ్బు నీరు కలిపి, ముందు ఒక చిన్న భాగం మీద చల్లి, హాని లేదని తెలిసిన తరవాత సాయంవేళ మొక్కంతా చల్లాలి.

పిండినల్లికి దగ్గరి బంధువైన కోచినీల్ పురుగు నాగజెముడును ఆశ్రయిస్తుంది. దానిని చిదిపితే చిక్కని ఎరుపు రంగు వస్తుంది. ఆ రంగు వ్యాపారం కోసమే 1795లో ఈ కీటకాన్ని బ్రెజిల్ నుంచి మన దేశానికి తెచ్చారు. వచ్చినది మేలిరకం కాకపోవడంతో వ్యాపారం ఫలించలేదు. కానీ ఆ పురుగు కొన్ని జాతుల జెముడును నాశనం చేయగలదని తెలిసింది. 1926లో ప్రవేశపెట్టిన మరో కోచినీల్ జాతి, దక్షిణ భారతదేశంలో పొలాలను ఆక్రమించిన నాగజెముడును చాలావరకు అదుపులోకి తెచ్చింది. ఎకరాలకు ఎకరాల జెముడును హరించగల జీవి కుండీలోని ఒక్క మొక్కను ఎంత సులభంగా హరించగలదో ఊహించవచ్చు. చిన్నదని కీటకాన్ని ఉపేక్షించరాదు.

రాకముందే కాపాడుకోవడం

చికిత్స కంటె నివారణ మేలు. జెముడు రోగాల్లో అధికభాగం మట్టి, నీరు, కుండీ – ఈ మూడింటి దోషం వల్లనే వస్తాయి. నీటిని పట్టి ఉంచే నల్లరేగడి దీనికి తగదు. జల్లించిన ముతక ఇసుక, చిన్న కంకర లేదా ఇటుక ముక్కలు సగానికి పైగా ఉండి, మిగిలిన భాగం ఎర్రమట్టి, కొద్దిగా వానపాముల ఎరువు ఉన్న మిశ్రమం అనుకూలం. గుప్పిట పట్టి వదిలితే ఆ మట్టి ముద్ద కట్టకుండా రాలిపోవాలి. కుండీకి అడుగున రంధ్రం తప్పనిసరిగా ఉండాలి. మట్టికుండీ అయితే గోడల నుంచి కూడా తేమ ఆవిరవుతుంది. వేళ్ళ ముద్దకంటె చాలా పెద్దదైన కుండీలో నాటితే వేరు అందుకోలేని తడి నిలిచిపోతుంది. కాబట్టి వేళ్ళకు ఒక అంగుళం మాత్రమే ఎడం ఉండే కుండీ చాలు.

మన ప్రాంతంలో జెముడుకు గండకాలం వేసవి కాదు, వానకాలం. రోజుల తరబడి ముసురు పట్టినప్పుడు కుండీని చూరు కిందికి మార్చాలి. బోరునీటిలోని లవణాలు పేరుకొంటే మట్టి మీద, కుండీ అంచున తెల్లని పొర ఏర్పడుతుంది. మొక్క క్రమంగా పసుపు రంగుకు తిరుగుతుంది. అటువంటప్పుడు పట్టి ఉంచిన వాన నీటిని ధారాళంగా పోసి లవణాలను కడిగివేయాలి. రెండు మూడేళ్ళకు ఒకసారి మట్టి మార్చాలి. చలికాలంలో నీరు బాగా తగ్గించాలి. చాలాకాలం ఎండబెట్టి ఒక్కసారిగా మితిమీరి నీరు పోస్తే కాండం ఉబ్బి చీలుతుంది. చీలికను తడి తగలకుండా వదిలేస్తే అదే మానుతుంది. రోగంలో ఉన్న మొక్కకు ఎరువు వేయరాదు. జ్వరంతో ఉన్నవానికి విందుభోజనం పెట్టకూడదు కదా!

ఒక్క కుండీ కోసం ఇంత శ్రద్ధ అవసరమా అని కొందరికి అనిపించవచ్చు. 2015లో ప్రకటితమైన ఒక అంతర్జాతీయ అధ్యయనం 1,478 కాక్టస్ జాతులను పరిశీలించి, వాటిలో 31 శాతం అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నాయని తేల్చింది. వాటి సహజ నివాసాలు పొలాలుగా, ఊళ్ళుగా మారడమే కాదు, అలంకరణ కోసం అడవి నుంచి మొక్కలను పెకలించి అమ్మడం కూడా ఇందుకు ముఖ్యకారణం. దశాబ్దాలు పడితే గాని ఎదగని మొక్కను కొని, నాలుగు నెలల్లో చంపి, మరొకటి కొనడం ఈ నష్టానికి దోహదం చేస్తుంది. ఉన్న మొక్కను బతికించుకోవడం, నర్సరీలో పెంచినదానినే కొనడం మనం చేయగలిగిన చిన్న మేలు.

జెముడు మాట్లాడదు. అయినా ముడుతతో, మచ్చతో, రంగుతో, వాలుతో తన స్థితిని చెబుతూనే ఉంటుంది. ఆ చెప్పినదాన్ని మన ఊహతో పూరించకుండా, పరీక్షించి తెలుసుకోవాలి. దానికి హాని చేసేవారిలో అధికులు నిర్లక్ష్యం చేసేవారు కారు, ప్రేమతో తొందరపడి నీరు పోసేవారు. ప్రేమకు పరిశీలన తోడైనప్పుడే అది రక్షణ అవుతుంది. నిదానం అనే మాటకు ఉన్న రెండు అర్థాలూ వేరు వేరు కావని, కారణాన్ని కనుగొనాలంటే తొందరపాటును విడువక తప్పదని ఈ ముళ్ళ మొక్క మనకు బోధిస్తున్నది.

అభ్యాసం

అ. ఈ ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. 'ఒకే లక్షణానికి రెండు వ్యతిరేక కారణాలు ఉండవచ్చు' – జెముడు ముడుతలు పడటాన్ని ఆధారంగా చేసుకొని వివరించండి.
2. కాండానికి కుళ్ళు పాకిన జెముడుకు చేయవలసిన చికిత్సను క్రమపద్ధతిలో తెలపండి.

ఆ. ఈ ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. కాక్టస్‌కూ యుఫోర్బియాకూ గల భేదాలేవి?
2. బెంజమిన్ హేన్ రణపాల ఆకులో ఏమి గమనించాడు?
3. కుళ్ళుకూ బెరడుకూ గల తేడా ఏమిటి?

ఇ. మీ ఇంట్లో గాని, కళాశాల ఆవరణలో గాని ఉన్న ఒక మొక్కను పదిరోజులు పరిశీలించి, కనిపించిన మార్పులనూ, వాటికి మీరు ఊహించిన కారణాలనూ, ఆ ఊహలను సరిచూసుకొన్న విధానాన్నీ ఒక పుటలో రాయండి.